విమానము నేలపై నిలుచునప్పుడు

విమానయాన మన్నంతనే జనుల వెఱపు ఆకాశము వంకకు పోవును. మబ్బులలోని కుదుపు, దిగునప్పటి అదటు, ఇంజను నిలిచిపోవునేమో యను శంక, ప్రయాణికుని మనస్సున మెదలునవి యివియే. రేణిగుంట రన్‌వేపై చక్రములు సోకగనే యాత్రికులు గోవిందనామము తలచుకొందురు, బెల్టులు విప్పుకొందురు, గండము గడచినదని ఊరడిల్లుదురు. విమానవిద్య నెఱిగినవారు మాత్రము అప్పుడే ఊరడిల్లరు. వారి లెక్కలో పని యింకను ముగియలేదు. రన్‌వే నుండి నిలుపుతావు వఱకు సాగు ఆ కొద్దిపాటి నడకయు, అచట చక్రములకు దిమ్మెలు పడువఱకు గడచు రెండు మూడు నిమిషములును, మఱల బయలుదేఱువఱకు విమానము చుట్టును జరుగు తొందరపనియును ప్రమాదమునకు తావైనవే. ఈ విషయమున మన దేశమున జరుగవలసినంత చర్చ జరుగుట లేదు. రేణిగుంట విమానాశ్రయము పెరుగుచున్న యీ దినములలో తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారు దీని నాలోచించుట అవసరమని మేము తలంచుచున్నాము.

దూరపు కథలు చెప్పనక్కఱలేదు. 2021 ఫిబ్రవరి 20వ తేదీన దోహా నుండి అరువదిమందికి పైగా ప్రయాణికులతో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారి బోయింగు విమానము మన గన్నవరమున క్షేమముగా దిగినది. అరేబియా సముద్రమును దాటి వచ్చిన ఆ విమానము, దిగిన పిదప నిలుపుతావునకు పోవుచు, తన రెక్కతో ఒక దీపస్తంభమును ఢీకొన్నది. రెక్క దెబ్బతిన్నది, దైవవశమున ప్రయాణికులందఱును సురక్షితముగా దిగిరి. విచారణకు ఉత్తరువులైనవి. పైలటు తప్పా, గీత తప్పా, సంజ్ఞ తప్పా యనునది విచారించువారి పని. ఆ విషయమున మేము తీర్పు చెప్పబూనము. కాని యొక్క మాట చెప్పక తప్పదు. స్తంభము నడచి రాదు. పక్షివలె ఎగిరి అడ్డుపడదు, మబ్బువలె హఠాత్తుగా క్రమ్మదు. అది యచ్చటనే నాటబడియున్నది. దాని యునికి యెవ్వరికిని రహస్యము కాదు. కదలని వస్తువును, అందఱు నెఱిగిన వస్తువును, మనుష్యుడు నడుచునంత మెల్లగా కదలు విమానము తాకినదన్నచో, లోపము ఒక్కని కంటిలోనిది కాదు. ఒకరి పని మఱియొకరి పనితో కలియు సందులలో ఎక్కడనో యున్నదని గ్రహింపవలెను.

ఇది యొంటరి కథయును కాదు. ఏడాది దాటిన కొలది దినములకే, 2022 మార్చి 28న, ఢిల్లీలో జమ్మూకు పోవలసిన స్పైస్‌జెట్ విమానమును వెనుకకు నెట్టుచుండగా దాని రెక్క మఱియొక స్తంభమునకు తగిలినది. ప్రయాణికులను వేఱొక విమానమున పంపవలసి వచ్చెను. అదే యేడు ఆగస్టు 2న, అదే ఢిల్లీలో, పాట్నాకు బయలుదేఱనున్న ఇండిగో విమానపు ముక్కు క్రిందికి మఱియొక విమానసంస్థవారి కారు దూసికొనిపోయి, ముందుచక్రమును తాకక కొలది దూరమున నిలిచినది. డ్రైవరు త్రాగియున్నాడేమోయని పరీక్షింపగా, త్రాగలేదని తేలినది. 2024 మార్చి 27న కలకత్తాలో రన్‌వే ప్రవేశమునకై వేచియున్న విమానపు రెక్కను మఱియొక విమానపు రెక్క రాచుకొన్నది. చిత్తూరు, పలమనేరు వారికి ఇంటి విమానాశ్రయము వంటిదైన బెంగుళూరులో, 2025 ఏప్రిల్ 18న, పని లేక నిలిపియుంచిన విమానమునకు ఒక టెంపో వ్యాను గ్రుద్దుకొన్నది. డ్రైవరు కునుకుపాటునకు లోనయ్యెనని వార్తలు వచ్చినవి.

వీనియందు లోహము చెడినదేగాని ప్రాణము పోలేదు. ప్రాణము పోయిన కథలును కలవు. 2015 డిసెంబరు 16వ తేదీ రాత్రి బొంబాయి నుండి హైదరాబాదునకు రావలసిన ఎయిర్ ఇండియా విమానమును టగ్గుతో వెనుకకు నెట్టిన పిదప, దాని ప్రక్కనే పనిలో నున్న సాంకేతికుడొకడు ఇంజను లోనికి లాగబడి మరణించెను. కాక్‌పిట్టులో సంజ్ఞను తప్పుగా గ్రహించుట కారణమని నాటి తొలి వార్తలు తెలిపినవి. హైదరాబాదున బంధువులకై వేచియున్నవారికి ఆ రాత్రి విమానము ఆలస్యమైనదను వార్త మాత్రమే తొలుత తెలిసియుండును. 2019 జూలైలో కలకత్తాలో, ప్రయాణికులు లేక నిలిచియున్న విమానపు చక్రముల గూటికడ పనిచేయుచున్న యువ సాంకేతికుడు, గూటి తలుపులు హఠాత్తుగా మూసికొనగా మధ్య నలిగి మరణించెను. విమానము కదలనే లేదు. ఎగురునట్టి విమానమున కంటె నిలిచిన విమానమునకు వెఱవవలసినవారు ఈ దేశమున వేలకు వేలు కలరు. వారి పేర్లు పత్రికలయందు చచ్చిన నాడు తప్ప కానరావు.

ప్రమాదము ఎట్లు కలుగునో సామాన్య పాఠకునకు తెలియుట మేలు. రేణిగుంటకు వచ్చు ఎయిర్‌బస్ 320 జాతి విమానమునకు ఈ కొన నుండి ఆ కొనకు రెక్కల వెడల్పు సుమారు 35.8 మీటర్లు, అనగా నూటపదునేడు అడుగులు. ముక్కునందు కూర్చున్న పైలటునకు ఆ కొనలు చక్కగా కానరావు. బండి తోలువాడు కాడికొనను చూచుకొనునట్లు ఆయన చూచుకొనజాలడు. నేలపై గీచిన పసుపుగీతను నమ్మి, ఎదుట నిలిచి రెండు చేతులతో కఱ్ఱలూపు మార్షలరును నమ్మి, అవసరమైనచో రెక్కల ప్రక్క నడచు కావలివానిని నమ్మి విమానమును నడుపవలెను. నిలుపుతావున ఇట్టి విమానపు రెక్కకును ప్రక్కనున్న వస్తువునకును నడుమ కనీసము 4.5 మీటర్ల యెడముండవలెనని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమము. పదునైదు అడుగులకు కొంచెము తక్కువ. సామానుబండి నొకదానిని గీత బయట వదలినచో ఆ యెడము మాయమగును.

ఇక ఇంజను సంగతి. జెట్టు ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు సైతము, తన ముందు పది పదిహేను అడుగుల మేర నున్న మనుష్యుని లోనికి లాగికొనగలదు. వెనుకవైపు అంతకంటె దూరము వఱకు దాని గాలి నిలిచినవానిని పడద్రోయును. ఏటీఆర్ వంటి పంకాల విమానము చూపునకు చిన్నది, సాధువు. కాని వేగముగా తిరుగుచున్న పంకా కంటికి కనబడదు, గాలి యనుకొని దాని లోనికి నడచినవా రున్నారు. కావుననే విమానపు పొట్టమీదను వీపుమీదను ఎఱ్ఱదీపము మినుకుమినుకు మనుచున్నంతకాలము ఎవ్వరును దగ్గఱకు పోరాదను నియమ మేర్పడినది. దీపమాఱవలెను, చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పడవలెను, హెచ్చరిక కోనులు నిలుపవలెను. ఆ తరువాతనే నిచ్చెనబండి గాని, సామానుబండి గాని, పెట్రోలుబండి గాని కదలవలెను. వినుటకు సులువైన నియమము. మధ్యాహ్నపు ఎండకు కాలుచున్న సిమెంటు చప్టాపై, చెవులకు మూతలు బిగించుకొని, తరువాతి విమానము దిగుచున్నదని తెలిసియు, ఆ ముప్పది క్షణములు ఊరక నిలుచుట యెంత కష్టమో చేసినవానికే తెలియును.

ఈ పని యెట్టిదో తిరుపతివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రథోత్సవమును చూడనివారు ఈ ప్రాంతమున అరుదు. మోకులు పట్టి లాగువారు అనేకులు. రథముపైనున్న స్వామిని దర్శించువారు అసంఖ్యాకులు. చక్రముల ప్రక్క వంగి, కఱ్ఱదిమ్మెలు చేతబట్టి నడచు కొలదిమందిని చూచువా రెవరు? మాడవీధి మూలను రథము చక్కగా తిరుగుటయు, నిలువవలసినచోట నిలుచుటయు మోకులు లాగువారి బలమువలన కాదు, ఆ దిమ్మెలవారి నేర్పువలన. వారు చేయెత్తినచో ఎంతటి గొప్పవాడైనను మోకు లాగుట మానవలసినదే. వారి పని భక్తిలో తక్కువది యని యెవ్వరును అనరు. కాని విమానపు చక్రమునకు దిమ్మె పెట్టువానిని మాత్రము, కూలిపట్టీలో కడపటి పేరుగా మనము లెక్కించుచున్నాము.

రేణిగుంటయే మఱియొక పాఠమును కూడ చెప్పగలదు. ఆ యూరు విమానములకంటె చాలముందు రైళ్లను చూచినది. షంటింగు చేయునప్పుడు బండికిని బండికిని నడుమ చిక్కి నలిగిన కూలీల కథలు రైల్వే కుటుంబములవారు నేటికిని చెప్పుకొందురు. ఆ కన్నీటినుండి రైల్వేవారు నేర్చిన యొక గొప్ప నీతి కలదు: పట్టాపై నడచు గ్యాంగుమనుకు కూడ, ఎఱ్ఱజెండా చూపి, మెయిలుబండిని నిలుపు హక్కున్నది. ఆ హక్కు అతని జీతమును బట్టి వచ్చినది కాదు. విఱిగిన పట్టా ముందుగా అతని కంటికే కనబడును గనుక వచ్చినది. బండిలో మంత్రిగారున్నను, జెండా చూచిన డ్రైవరు నిలుపవలసినదే. ఎందుకు నిలిపితివని పిమ్మట అడుగవచ్చును గాని, నిలుపుటకు ముందు ఎవ్వరి అనుమతియు అక్కఱలేదు.

విమానపు చప్టాపై ఇట్టి హక్కు లేదా? కాగితముపై కలదు. ఆపదను చూచిన నేలసిబ్బందిలో ఎవ్వడైనను చేతులు అడ్డముగా కట్టి, "ఆపు" మని సంజ్ఞ చేయవచ్చును. కాని హక్కు కాగితముపై నుండుట వేఱు, చేతిలో నుండుట వేఱు. దేశమందలి పెక్కు విమానాశ్రయములలో నేలపని విమానసంస్థల సొంత సిబ్బంది చేతినుండి గ్రౌండ్ హ్యాండ్లింగు కంపెనీల చేతికిని, వాని చేతినుండి కాంట్రాక్టు కూలీల చేతికిని జారినది. చౌకటిక్కెట్ల విమానములు గగనమున నున్నప్పుడే లాభము, నేలపై నున్నప్పుడు నష్టము. కావున దిగిన విమానమును అరగంటలో మఱల పంపవలెనని పైనుండి ఒత్తిడి. ఒక నిమిషము ఆలస్యమైనచో ఎవరివలన ఆలస్యమైనదో పుస్తకమున వ్రాయుదురు. ఏర్పేడు నుండియో, శ్రీకాళహస్తి నుండియో పనికి వచ్చు ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు, నిన్ననో మొన్ననో కుదిరిన ఉద్యోగము పోవునేమో యను భయముతో, కోట్ల రూపాయల విమానమునకు ఎదురుగా చేయి యెత్తి "ఆపు" మనునా? అనవలెనని మన కోరిక. అనునట్లు చేయుట మన ధర్మము.

భయము ఎంత చెఱుపు చేయునో తెలుపుటకు ఒక దూరదేశపు దృష్టాంతము చాలును. 2005 డిసెంబరు 26న అమెరికాలోని సియాటిలు నగరమునుండి అలాస్కా ఎయిర్‌లైన్సు విమానమొకటి నూటనలుబదిమంది ప్రయాణికులతో బయలుదేఱినది. దానికి ముందే సామానెక్కించు కాంట్రాక్టు పనివా డొకడు తన బండితో విమానపు ప్రక్కను తాకించి, ఆ సంగతి యెవ్వరికిని చెప్పక ఊరకుండెను. నొక్కు పడిన చోటు, సుమారు ఇరువదియాఱువేల అడుగుల యెత్తున, అడుగు పొడవున చీలిపోయినది. లోపలి గాలి బయటికి పోయినది. ప్రయాణికులు ప్రాణవాయువు ముసుగులు తగిలించుకొన్నారు. విమానము వెనుకకు తిరిగి క్షేమముగా దిగినది. ఆ పనివాడు దుర్మార్గుడని మేమనము. చెప్పినచో దండన, చెప్పకున్నచో ఏమియు కాదేమో యను ఆశ. ఈ రెంటి నడుమ మనుష్యుడు ఏమి చేయునో ఆ మనుష్యుడు అదియే చేసెను. కావున దెబ్బ తగిలినదని తానుగా వచ్చి చెప్పినవానిని శిక్షింపరాదు. దాచినవానిని శిక్షింపవచ్చును. మన దేశమున ప్రతి సంఘటన వెంబడి మొట్టమొదట వినబడు వార్త ఏది? ఫలానావారిని విధులనుండి తొలగించిరి. ఆ వార్తను విన్న తక్కిన పనివారందఱును ఏమి పాఠము నేర్చుకొందురో అధికారు లాలోచించిరా?

లోకమున ఈ బెడద యెంతటిదో లెక్కలు కట్టినవారున్నారు. అమెరికాలోని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషనువారు 2000ల దశకమున వేసిన అంచనా ప్రకారము ప్రపంచమందలి విమానాశ్రయపు చప్టాలపై ఏటా 27,000 ప్రమాదములు, సంఘటనలు జరుగును. 2,43,000 మంది గాయపడుదురు. వేయి ప్రయాణములకు ఒక సంఘటన యన్నమాట. అంతర్జాతీయ విమానరవాణా సంఘమువారు 2022లో ప్రకటించిన పరిశీలనలో ఇంకొక సంగతి బయటపడినది: విమానములకు తగులు దెబ్బలలో హెచ్చుభాగము అవి నిలిచియున్నప్పుడు చుట్టును తిరుగు బండ్లవలన తగులునవే. నిచ్చెనబండ్లు, సామానెక్కించు బెల్టుబండ్లు, ప్రయాణికులు నడచు వంతెనలు మొదలైనవి ఇందు పెద్ద పాలు గలవి. అనగా, విమానము వచ్చి దేనికో తగులుట కొంత. ఏదో వచ్చి విమానమునకు తగులుట అంతకంటె హెచ్చు.

రేణిగుంట విషయమునకు వత్తము. 1970ల దశకమున పౌరవిమానములకు తెఱువబడిన ఈ చిన్న విమానాశ్రయమునకు 2015 అక్టోబరు 22న, అమరావతికి శంకుస్థాపన జరిగిన దినముననే, ప్రధానమంత్రి నరేంద్రమోదీ గరుడ టెర్మినలును ప్రారంభించిరి. 2017లో అంతర్జాతీయ విమానాశ్రయమను హోదా లభించినది. 2,286 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు పొడిగించు పని చేపట్టబడినది. పొడవైన రన్‌వే యన్న పెద్ద విమానములకు ఆహ్వానము. పెద్ద విమానమునకు రెక్క పెద్దది, ఇంజను పెద్దది, చుట్టును తిరుగు బండ్ల సంఖ్యయును పెద్దది. నిలుపుతావున దానికి విడువవలసిన యెడము 4.5 మీటర్ల నుండి 7.5 మీటర్లకు పెరుగును. టెర్మినలు అద్దములను గుఱించియు, గరుడుని ఆకారమును గుఱించియు పత్రికలు చాల వ్రాసినవి, మేమును సంతోషించితిమి. చప్టాపై గీతలనుగుఱించి వ్రాసినవారు కానరారు. శంకుస్థాపన ఫలకములపై గీతలకు చోటు లేదు కాబోలు.

నేలపైని బండ్లవలన చిక్కు వచ్చుట రేణిగుంటకు తెలియనిదియును కాదు. 2020 జూలై 19న రన్‌వే తనిఖీకై పోయిన అగ్నిమాపక వాహనము రన్‌వేపైననే బోల్తాపడినది. దిగుటకు వచ్చిన బెంగుళూరు విమానము దిగజాలక మరలిపోవలసి వచ్చెను. మంటల నార్పుటకు ఉంచిన బండియే అడ్డమైనది. అదృష్టవశమున నాడు రాకపోకలు స్వల్పము, కరోనా దినములు. తీరికలేని దినమున, దిగు విమానమునకు చమురు తక్కువగా నున్నప్పుడు ఇట్టిది జరిగినచో ఏమగునో ఊహింపుడు. ఒక రన్‌వే మాత్రమే గల విమానాశ్రయమున నేలపై ప్రతి బండియు ఆకాశమందలి విమానముతో ముడిపడియున్నది.

ఇటకు వచ్చు ప్రయాణికులును ఒక ప్రత్యేకమైన తెగ. ప్రయాణికులు వంతెనమీదుగా నేరుగా టెర్మినలులోనికి పోవు ఏర్పాటున్నచోట వారికి చప్టాతో పనిలేదు. లేనిచోట వారు మెట్లుదిగి, విమానపు రెక్క ప్రక్కగా నేలపై నడచిపోవలెను. రేణిగుంటకు వచ్చువారిలో ముదుసళ్లు కలరు, చంటిబిడ్డల తల్లులు కలరు, జన్మమున తొలిసారి విమానమెక్కినవారు కలరు. ఏడుకొండలు కనబడినంతనే నిలిచి చేతులు జోడించువారును, ఫోటో తీయుటకు ఇంజను వంకకు వెనుకడుగు వేయువారును కలరు. మరలునప్పుడు లడ్డూసంచి యొకచేత, బిడ్డ యొకచేత. వీరిని కసరి నడిపింపరాదు. తెలుగున, తమిళమున, హిందీలో మర్యాదగా దారి చూపువారు చాలినంతమంది కావలెను. సంచినుండి జాఱిన ప్లాస్టిక్కు కాగితమును, పెట్టెనుండి ఊడిన చక్రమును ఇంజను మ్రింగినచో ఏమగునో ప్రయాణికునకు చెప్పినవా రెవరు? 2000 జూలై 25న పారిస్‌లో కాంకార్డు విమానము కూలుటకు మూలము రన్‌వేపై పడియున్న ఒక లోహపు పట్టీ యని విచారణలో తేలిన సంగతి జగత్ప్రసిద్ధము.

యంత్రములు పెట్టినచో చాలదా యని కొందఱు ప్రశ్నింతురు. పెద్ద విమానాశ్రయములలో మార్షలరునకు బదులు దీపపు పలకలు పైలటునకు దారి చూపుచున్నవి. మంచిదే, రేణిగుంటకును రావలెను. అయితే ఆ పలక ప్రధానముగా విమానపు ముక్కును చూచును, గీతను చూచును. రెక్కకొనకడ ఎవడో తొందరలో వదలిపోయిన నిచ్చెనబండిని కూడ అది చూచునని నమ్మి కూర్చుండరాదు. దానిని చూచువాడు మనుష్యుడే. ఆ మనుష్యుడు రెండుపూటల పని యేకధాటిగా చేసి కన్నులు మూతపడుచున్నవాడైనచో, పలకయు లేదు, వాడును లేడు. పైలట్ల పనిగంటలకును విశ్రాంతికిని కట్టుదిట్టమైన నియమములను ప్రభుత్వము చేసినది. వారి విమానము క్రింద బండి తోలువాని నిద్రను గుఱించి అంతటి శ్రద్ధ యేది? బెంగుళూరు సంఘటన వచ్చి ఈ ప్రశ్నను మన ముంగిట పెట్టినది.

భాష విషయము కూడ చెప్పవలసియున్నది. చేతిసంజ్ఞలకు భాష లేదు, లోకమంతట నొక్కటియే. కాని శిక్షణకు భాష కలదు, నియమపుస్తకమునకు భాష కలదు, సంఘటన జరిగినప్పుడు వ్రాయవలసిన నివేదికకును భాష కలదు. అది ఇంగ్లీషు. 1934 నాటి విమానచట్టమును తొలగించి, 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమ్ అను స్వదేశీ నామముగల చట్టమును అమలులోనికి తెచ్చిన ప్రభుత్వము, ఆ చట్టము క్రింద పనిచేయు తెలుగు కూలీకి తెలుగున నొక చేతిపుస్తకము నీయజాలదా? పేరు మాఱినంత సులువుగా పుస్తకము రాదు, నిజమే. కాని పేరుకంటె పుస్తకమువలననే ప్రాణములు నిలుచును. చదువవచ్చినవాడు కూడ పరాయిభాషలో తన తప్పును వ్రాసి సంతకము చేయుటకు జంకును.

దీనినంతటిని ఇప్పుడే యేల చెప్పవలెననగా, 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ప్రైవేటువారికి కౌలున కీయదలచిన ఇరువదియైదు విమానాశ్రయముల పట్టికలో గన్నవరము, రాజమహేంద్రవరములతో పాటు తిరుపతి పేరును చేర్చినది. కౌలుకిచ్చుట మంచిదా చెడ్డదా యను వాదమును వేఱొకనాడు చేయవచ్చును. ఎవ్వరి చేత నున్నను, విమానాశ్రయపు రాబడి దుకాణములనుండియు, ప్రయాణికుల రుసుములనుండియు వచ్చును; చప్టామీది జాగ్రత్తవలన పైకము రాదు, పైకము పోవును. కావున ఖర్చు తగ్గింపవలసివచ్చినపుడు మొదటి కత్తెర అచ్చటనే పడునని శంకించుట అన్యాయము కాదు. కౌలుపత్రమున ఎంత సొమ్ము చెల్లింపవలెనో వ్రాయుదురు గదా. నేలసిబ్బంది ఒక్కొక్క విమానమునకు ఎందఱుండవలెనో, వారికి ఎన్ని దినముల శిక్షణయో, ఎన్ని గంటల విశ్రాంతియో, ఆపు హక్కును వాడినవానిని పనినుండి తీయరాదని షరతు ఏదియో, అదియును ఆ పత్రముననే వ్రాయవలెను. కాంట్రాక్టరుల క్రింది కాంట్రాక్టరుతో చేసికొను ఒప్పందమునందును అవే మాటలు దిగవలెను. లేనిచో హక్కు పైమెట్టుననే నిలిచిపోవును.

పౌరవిమానయాన శాఖ తెలుగువారికి క్రొత్తది కాదు. 2014 నుండి 2018 వఱకు విజయనగరపు పూసపాటి అశోకగజపతిరాజుగారు ఆ శాఖను నిర్వహించిరి. 2024 జూనులో శ్రీకాకుళమునకు చెందిన కింజరాపు రామమోహననాయుడుగారు దాని బాధ్యతను స్వీకరించిరి. తమవాడు మంత్రి యైనపుడు తమ యూరికి ఒక విమానము హెచ్చుగా వచ్చునా యని అడుగుట మన జనులకు అలవాటు. అడిగినవారిని మేము తప్పుపట్టము, తిరుపతికి ఇంకను చాల నగరములనుండి విమానములు రావలసియున్నవి. ఆ యడుగువారు వచ్చిన విమానమును నిలుపు తావును గుఱించియు ఒక్కమాట యడిగినచో బాగుండును. ఏటా రేణిగుంట చప్టాపై ఎన్నిమార్లు బండి విమానమునకు తగిలినది, ఎన్నిమార్లు తగులబోయి తప్పినది, ఎన్నిమార్లు నేలసిబ్బంది "ఆపు" సంజ్ఞ చేసిరి యను లెక్కను తెలుగున ప్రకటింపవలెనని మా కోరిక. తగులబోయి తప్పినవాని సంఖ్య హెచ్చుగా నున్నచో మేము విమర్శింపము. చెప్పుటకు జంకనివారు అచట కలరని సంతోషింతుము. సున్న యని వ్రాసినచో మాత్రము అనుమానింతుము.

బ్రహ్మోత్సవముల దినములలో యాత్రికుల రద్దీ మిక్కుటమగును. ఈశాన్య ఋతుపవనపు వానలు వెనువెంటనే వచ్చును. తడిసిన చప్టాపై గీతలు మెఱసి కనబడవు, బండి బ్రేకులు జాఱును, దూరముననున్న మార్షలరు కఱ్ఱలు వానతెరలో మసకబాఱును. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏఱులై పాఱిన దృశ్యము ఎవ్వరును మఱచియుండరు. ఈ యేటి ధ్వజారోహణమునకు ముందే గీతలకు క్రొత్తరంగు వేయించి, నేలసిబ్బంది ప్రతియొక్కరి చేతను ఆ తెలుగు పుస్తకము నుంచి, ఆపు సంజ్ఞను ఒకసారి అధికారుల యెదుటనే వారిచేత చేయించి చూడవలెనని విమానాశ్రయపు డైరెక్టరుగారిని కోరుచున్నాము. ఆ దినమున విమానసంస్థల నిర్వాహకులును వచ్చి ఆ చేయి యెత్తినప్పుడు నిలిచినచో మఱియు మేలు.